మేడాయన పూలకుండీలు

తుపాను కబురు వస్తే మా వీధివాళ్లు పడవలు పైకి లాక్కుంటారు, ఒకరి తాడు ఒకరికి ఇచ్చుకుని ఇంటి కప్పులు బిగించుకుంటారు. మేడాయన మాత్రం పూలకుండీలు దించుతాడు. దేవుణ్ణి తలచుకుంటూ ఒక్కొక్కదాన్నీ మేడ మీది నుంచి పసిపిల్లలా ఎత్తుకొచ్చి, అడుగున మట్టి భుజం మీది తువ్వాలుతో తుడిచి, హాల్లో వరుసగా పెడతాడు. ఈసారి గాలి మొదలయ్యాక ఎదురు పూరింట్లో వలలు కుట్టే ఆవిడ వచ్చింది. "బాబాయిగారూ, మా అత్త నడవలేదు. తలదాచుకోడానికి బడి దాకా మోసుకెళ్లేలోగా వాన పట్టుకుంటుంది. గాలి తగ్గేదాకా మీ హాల్లో ఓ మూల కూర్చోబెట్టనా?"

"చూస్తున్నావుగా తల్లీ, మొక్కలకే చోటు చాలట్లేదు."

ఆయన ఎత్తలేక రొప్పుతున్న పెద్ద కుండీకి ఆవిడే ఓ చెయ్యి వేసి లోపల పెట్టించింది. తర్వాత అత్తను వీపున ఎక్కించుకుని వానలో బయలుదేరింది.

"వెళ్తూ వెళ్తూ మా గేటు వేసెయ్యమ్మా!" ఆయన కిటికీలోంచి కేకేశాడు.

కోడలు ఆగి, గేటును మోచేత్తో నెట్టింది. "గట్టిగా వెయ్యవే" అంది వీపు మీది ముసలమ్మ. "పాపం, మొక్కలకి జలుబు చేస్తుంది."

"అవునమ్మా, లేత మొక్కలు" అన్నాడు మేడాయన, ఎంతో ఆప్యాయంగా.