అక్క నమిలిన గడ్డి

ఈ వానకాలంలో ఒక పొద్దున, చొప్పదండి దాటాక ఒక పత్తి చేను గట్టు మీద, మా అక్క గడ్డిపోచ తెంపి అలవాటు కొద్దీ నోట్లో పెట్టుకొని నమిలింది. చేను మధ్యలో ఉన్న రైతు వీపు మీది పంపు దించి పడేసి ఉరికొచ్చాడు. "ఉమ్మెయ్ మేడం! జల్ది ఉమ్మెయ్! పొద్దుగాలనే గడ్డిమందు కొట్టిన గా గట్టుకు!" అక్క ఉమ్మింది. నేను కారులోంచి నీళ్లు తెచ్చేలోపు నాలుకను కొంగుతో గట్టిగా తుడుచుకుంటూ, క్లాసులో ప్రశ్న అడిగినంత నిమ్మళంగా "ఏం మందు తమ్మీ?" అంది. "నాకేం ఎర్కనే అక్కా. పక్క చేనాయన తాన మిగిలితే పోసుకొచ్చుకున్న" అంటూ కూల్‌డ్రింకు సీసా ఒకటి చూపించాడు. దాని మీద మందు పేరు లేదు.

అక్క జీవితమంతా గడ్డితోనే గడిచింది. వృక్షశాస్త్రం చదివిన పిల్ల ఏ మందు చెట్ల మీదో పరిశోధన చేస్తుందనుకుంటే, పశువులు మేసే దేశవాళీ గడ్డి పట్టుకుంది. "గింత సదివి గడ్డి పీకుడేందే బిడ్డా" అని మమ్మల్ని కన్న అవ్వ చుట్టాల ముందు తల కొట్టుకునేది. కరీంనగర్‌లో కాలేజీలో పాఠాలు చెప్పేది, సెలవులొస్తే ఆదిలాబాద్ బస్సెక్కేది. అక్కడి బీళ్లలో పశులకాపరుల వెంట తిరిగి, ఎండిన కట్టలతో, ముళ్లు గుచ్చుకున్న చీరతో వచ్చేది. కంకి వేయనిదే గడ్డి జాతి తేల్చడం కష్టం. అంతవరకు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. అందుకే కాడ మొదలు కొరికి చూసేది. చెంగలి గడ్డి తియ్యగా ఉంటుందని, కొన్ని జాతులు నిమ్మ వాసన కొడతాయని నాచేతా నమిలించింది. నాకు అన్నీ గడ్డిలాగే ఉండేవి. "బర్రెకున్న తెలివి నీకు లేదురా" అనేది.

తర్వాత బీళ్లన్నీ పత్తి చేలయ్యాయి. ఆమె వెతికే గడ్డి ఇక గట్ల మీదే మిగిలింది. రిటైరయ్యాక నన్ను డ్రైవరును చేసుకొని ఆ గట్లే తిరుగుతోంది. ఆ రోజు ఆకుల మీది తడిని మంచు అనుకుంది. మందు పడ్డ గడ్డి వాడిపోవడానికి ఇంకా పొద్దు పట్టేది.

అటునుంచి అటే కరీంనగర్ ఆసుపత్రికి పోతే, డాక్టరు రెండు మాటల్లో చెప్పాడు. గడ్డిమందులో ఒక రకమైతే కడుపులో తిప్పి తగ్గిపోతుందట. ఇంకో రకమైతే ముందు నోరు పూస్తుందట, తర్వాత ఊపిరితిత్తులు చప్పుడు లేకుండా గట్టిపడతాయట. దానికి విరుగుడు లేదు. "కొంచెమే కదా, చూద్దాం" అన్నాడు. ఆ చేను పక్కాయన దగ్గరికి నేనే పోయాను. "రెండు తీర్లవి తెచ్చినన్నా. గాయనకు ఏది పోసిన్నో యాదికొస్తలేదు. డబ్బాలు వాగుల పారేసిన" అని తల వంచుకున్నాడు. తిట్టాలనే పోయాను, తిట్టకుండానే కారెక్కాను.

ఇప్పుడు అక్క మా ఇంట్లోనే ఉంది. మెట్లెక్కి ఆగితే నేనూ ఆగుతాను. దగ్గితే పేపరు కింద పెడతాను. మా చిన్నప్పుడు, గోదావరిఖని క్వార్టర్లో, బాపు బొగ్గుబాయి దిగిన షిఫ్టులో వేళ కాని వేళ సైరన్ మోగితే అవ్వ ఇట్లాగే చేతిలో పని విడిచి నిలబడేది. అప్పుడు కనీసం షిఫ్టు అయిపోయే వేళ తెలిసేది. నిన్న అక్క కునుకు తీస్తుంటే పక్కన కూర్చొని ఊపిరి వింటున్నాను. కళ్లు మూసుకునే "అరేయ్, నా ఊపిరి నువ్వు పీలుస్తున్నవా ఏంది? జర దూరం జరుగు" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఆమె చెయ్యి నా చేతిని వదల్లేదు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

నేను పేపర్లో పనిచేసినన్నాళ్లు ఎంత పెద్ద వార్తయినా అచ్చుకు పోయే వేళకు ఏదో ఒకటి తేలేది. తేలని కాలం ఇంత పొడుగుంటుందని నాకు తెలియదు. అక్క నాలుక కొసన చిన్న పుండు లేచింది. అన్నం తింటుంటే పన్ను పడిందని ఆమె అంటోంది. డాక్టరు టార్చి వేసి చాలాసేపు చూశాడు, అవునని గానీ కాదని గానీ చెప్పలేదు.