రెండు చివరలా మైనం

పోయిన ఆదివారం గుడిలో ఆరాధన ముగిశాక, పక్క గదిలో పిల్లలకు సండేస్కూలు పాఠం చెప్పే అమ్మాయి గోడకు ఒక ప్లాస్టిక్ ద్రాక్షతీగెను వేలాడదీసింది. దుకాణాల్లో అలంకారానికి కట్టే రకం అది, ఆకులన్నీ ఒకే కొలత, గుత్తులన్నీ ఒకే తూకం. తీగెను అంటిపెట్టుకున్న కొమ్మ ఫలిస్తుందనీ, విడిపోయిన కొమ్మ ఎండిపోతుందనీ, మనమూ ప్రభువును అట్లాగే అంటిపెట్టుకుని ఉండాలనీ చెబుతూ, ఆమె ఒక కొమ్మను లాగి చేతిలోకి తీసుకుంది. ప్లాస్టిక్ కొమ్మ గదా, అది ఎండలేదు. పిల్లలు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడ్డ నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పాఠాన్ని నేను నిజమైన పందిరి కింద, నిజమైన కొమ్మతో విన్నాను. దానికి ఒక పిల్ల ఏం చెల్లించిందో నాకు తెలుసు.

నా యీడువాళ్ళకు హైదరాబాదులో ఆనాటి మాదన్నపేట గుర్తుండే ఉంటుంది. కూరగాయల మార్కెట్టు వెనక గల్లీలో, సున్నం పెచ్చులూడిన ఒక పాత ఇంట్లో మేము ఒక వాటాలో అద్దెకుండేవాళ్ళం. మేమంటే నేనూ, మా పెద్దమ్మా. మా అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచింది మా అమ్మ అక్క, పిల్లలు లేని విధవరాలు, కుట్టుపని చేసి ఇల్లు గడిపేది. ఇంటి యజమానురాలు ఒక ముసలి ముస్లిం ఆమె, మేమంతా ఖాలా, అంటే పిన్నీ, అనేవాళ్ళం. పెద్దమ్మ మాత్రం ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలిచేది. ఇద్దరి మధ్యా వాకిలి ఒకటే, బావి ఒకటే, వాకిలంతా కప్పుతూ ఖాలాగారి ద్రాక్షపందిరి ఒకటే.

నేనప్పుడు లాడ్ బజార్లో ఒక గాజుల దుకాణంలో లెక్కలు చూసేవాణ్ణి. బడిలో నేర్చిన లెక్కలు కావవి. దుకాణంలో చిట్టాలు రాసే ముసలి మునీమ్ నోటితో వల్లించే పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పాతిక ఎక్కం పక్కన నిలబడి విని పట్టుకున్నవే. జోళ్ళూ డజన్లూ చేతి వేళ్ళ కణుపుల మీద కూడుకుంటూ పోయేవాణ్ణి. ఆ అలవాటు మనిషికి మంచి చేసిందో చెడు చేసిందో ఇప్పటికీ తెలియదు గానీ, ఏ మాట విన్నా దాన్ని కూడిక గానో తీసివేత గానో మార్చుకుని చూస్తే తప్ప నా బుర్రకు ఎక్కదు. పెద్దమ్మ దీన్ని చూసి, దేవుడి దగ్గర లెక్కలు చెల్లవురా అని నవ్వేది.

ఆదివారం సాయంత్రం ఆ పందిరి కింద పెద్దమ్మ పిల్లల ప్రార్థన కూడిక పెట్టేది. చుట్టుపక్కల చిన్న ఉద్యోగాల క్రైస్తవ కుటుంబాల పిల్లలు, చాప మీద గుండ్రంగా కూర్చునేవాళ్ళు. చివరి ప్రార్థనకు ఆమె ఒక పద్ధతి పెట్టింది. ప్రతి పిల్లా తన కుడిపక్కన ఉన్న పిల్ల పేరు పలికి వాళ్ళకోసం ఒక్క మాట ప్రార్థించాలి. అట్లా పేరు చేతులు మారుతూ గుండ్రం పూర్తయ్యేది. ఎవరూ ఎవరినీ వదిలిపెట్టకుండా ఉండటమే ప్రభువులో ఉండటమని ఆమె నమ్మకం.

ఆ పిల్లల్లో, సర్కారు ఆఫీసులో బంట్రోతుల మీద పెద్దగా ఉండే ఒక దఫేదారు కూతురు ఉండేది. ఆయన్ని గల్లీలో అందరూ దఫేదారన్న అనేవాళ్ళు. అంతకు ముందు ఏడాది జ్వరంతో ఆయన భార్య పోయింది, ఆ రోజు నుంచి పిల్లకు మాట ఆగిపోయింది. వైద్యుడు గొంతులో ఏ లోపం లేదన్నాడు. కూడికలో ఆమె వంతు రాగానే గుండ్రం ఆగిపోయేది. మిగతా పిల్లలు అసహనంగా కదిలినా పెద్దమ్మ ఆమెను దాటి పోనిచ్చేది కాదు. అందరం కళ్ళు మూసుకుని పిచ్చుకల అరుపులు వింటూ కాసేపు కూర్చునేవాళ్ళం, ఆ తర్వాత పెద్దమ్మే ఆ పేరు పలికి ముందుకు నడిపేది. వారాల తరబడి ఇదే. ఒక సాయంత్రం మాత్రం, ఆ నిశ్శబ్దంలోంచి, పక్కన కూర్చున్న పిల్లవాడి పేరు సన్నగా, తుప్పుపట్టిన గిలక తిరిగినట్టు వినిపించింది. మేము కళ్ళు తెరవలేదు. పెద్దమ్మ తెరవనివ్వలేదు. ఆనాటి నుంచి పిల్ల మెల్లగా మాటల్లో పడింది. ఆ మాట ఎంత సన్నటి దారం మీద వేలాడుతున్నదో పెద్దమ్మకు తెలుసు. అందుకే తండ్రి కంటే ఎక్కువగా భయపడుతూ ఆ పిల్లను చూసుకునేది.

అక్టోబరులో ఖాలా పందిరి కొమ్మలు కోసేది. ఆ ఏడాది పెద్దమ్మ ఆ కుప్పలోంచి ఒక పచ్చటి కొమ్మ తీసి తలుపు పక్కన మేకుకు తగిలించింది. వారం వారం పిల్లల్ని పిలిచి దాన్ని తాకించేది. మొదట ఆకులు వేలబడ్డాయి, తర్వాత ముడుచుకున్నాయి, ఆ తర్వాత వేలు తగిలితే పొడిపొడిగా రాలాయి. పాఠం బాగా నాటుకుంది. అంత బాగా నాటుకోకుండా ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

అప్పుడే, యాభై ఆరులో, రాష్ట్రాలు విడదీశారు. హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైంది, ఏ జిల్లా ఎటు పోతే ఆ జిల్లావాళ్ళ ఉద్యోగాలు అటు పోయాయి. దఫేదారన్నది బీదరు పక్క ఊరు, అందుకని మైసూరు రాష్ట్రంలో కలిసిన గుల్బర్గాకు వేశారు. మా కూడికలో కుటుంబం వెనక కుటుంబం మూటలు కట్టుకోవడం మొదలైంది. దఫేదారన్న వచ్చి చెప్పిపోయిన సాయంత్రం, పిల్ల మేకుకున్న ఎండుకొమ్మ దగ్గర చాలాసేపు నిలబడి, వెనక్కి తిరిగి అడిగింది.

"పెద్దమ్మా, నేను గూడ గిట్లనే ఎండిపోతనా?"

పెద్దమ్మ పిల్లను దగ్గరికి లాక్కుని తల నిమిరింది. ప్రభువు ఎక్కడైనా ఉంటాడని చెప్పనిది ఆమెకు తెలియక కాదు, పిల్ల కళ్ళముందు ఆ కొమ్మే వేలాడుతుంటే ఆ మాటకు బలం ఉండదని తెలిసి. బావి దగ్గర బియ్యం కడుగుతున్న ఖాలా విననే వింది.

"గదేంది బెహన్, పోరిని గట్ల ఏడిపిస్తవు? కోసిన కొమ్మ ఎండుతదని ఎవరన్నరు? మేకుకు కడితె ఎండదా మరి! ఈ చెట్టు ఎక్కడిదనుకున్నవ్? మా అమ్మీ బీదరు నుంచి జానెడు కొమ్మ తెచ్చి పెట్టింది. మీ దేవుడే తోటమాలి అంటివి గద, ఆయనకు కొమ్మ నాటుడు రాదా?"

పెద్దమ్మ ముందు ఉలిక్కిపడింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకైతే ఆ మాట లెక్కగా అర్థమైంది. ఇది తీసివేత కాదు, భాగించడం.

ఖాలా ఒక బలమైన కొమ్మను కోసి ఇచ్చింది. తడి గోనెపట్టలో చుట్టమనీ, పై చివర ఆరిపోకుండా కాస్త మైనం అద్దమనీ చెప్పి తన పనిలో పడింది. పెద్దమ్మ క్రిస్మసు కొవ్వొత్తి కరిగించి రాత్రి వంట ముందు ఆ పని చేసింది. చేస్తూ ఏమనుకుందో తర్వాత తానే చెప్పింది. కోసినప్పుడు తీగె చివరల నుంచి నీటిబొట్లు కారడం ఆమె చూసింది, అది కన్నీరే అనుకుంది. లోపలి జీవం దారిలో కారిపోతుందేమో అని, పై చివరకే కాదు, కింది చివరకు కూడా మందంగా మైనం పోసింది.

నాంపల్లి స్టేషనుకు సామాను మోసుకుపోయింది నేనే. గోనెపట్ట కొసల్లోంచి ఈ చివరా ఆ చివరా మైనం తెల్లగా మెరుస్తుంటే, ఎంత జాగ్రత్త చేసింది మా పెద్దమ్మ అనుకున్నాను. బండి కదిలే ముందు ఆమె పిల్ల చేతుల్లో ఆ మూట పెట్టి, తల మీద చెయ్యేసి ప్రార్థించి, ఒక మాట అంది.

"ఇది చిగురు వెట్టిన దినం, నువ్వు మాతోనే ఉన్నవని దేవుడు జెప్పినట్టు బిడ్డా."

పిల్ల తల ఊపింది. మళ్ళీ మళ్ళీ ఊపింది.

మరుసటి ఎండాకాలం దఫేదారన్న ఏవో సర్వీసు కాగితాల కోసం నగరానికి వచ్చి, మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. పెద్దమ్మ మంచినీళ్ళు ఇచ్చి ముందు అడిగింది పిల్ల గురించే.

"ఏం జెప్పాలె పెద్దమ్మా. ఆ కొమ్మకు పొద్దున నీళ్ళు పోసుడు, పొద్దుగూకంగ పోసుడు. పోరి దాని పక్క నుంచి లేవకపోతుండె. అది చిగురు వెట్టలె, ఎండింది. గప్పటి సంది పోరి మళ్ళ మాట బంద్ వెట్టింది. ప్రార్థనకు రమ్మంటె మూలకు పోయి కూసుంటది. కట్టెపుల్లకు గింత ఫికరేందో నాకైతే సమజ్ కాలె."

బండికి ఆలస్యమవుతుందని ఆయన ఎక్కువసేపు కూర్చోలేదు. సాయంత్రం ఖాలా ఈ సంగతి విని నమ్మలేదు. తన కొమ్మ ఎండటమా అని రెట్టించి అడిగింది, ఎట్లా చుట్టారో, ఎట్లా మైనం పెట్టారో ఒక్కొక్కటే విడమరిచి చెప్పించుకుంది. పెద్దమ్మ చెబుతుంటే ఖాలా చేతిలో తమలపాకు అట్లాగే ఆగిపోయింది.

"రెండు దిక్కుల్నా? అరె బెహన్... నోరు మూస్తె నీళ్ళెట్ల తాగుతది?"

అనేసి, అన్నందుకు నాలుక కరుచుకుంది. పెద్దమ్మ ఏడవలేదు. లోపలికి పోయి, కుట్టుమిషను ముందు కూర్చుని, గుడ్డ లేకుండానే చాలాసేపు చక్రం తిప్పింది.

తప్పు కొమ్మది కాదు, మైనానిదని దఫేదారన్నకు కార్డు రాద్దామని నేను అన్నాను. ఆమె వద్దంది. కళ్ళతో చూసి నమ్మిన పిల్లకు కాగితం మీద మాట చెబితే నమ్మదనీ, బతికే కొమ్మ చేతిలో పెట్టి ఎదురుగా కూర్చుని చెప్పాలనీ ఆమె పట్టు. ముదిరిన కొమ్మ కావాలంటే మళ్ళీ అక్టోబరు దాకా ఆగాలని ఖాలా చెప్పింది. ఆగాం. ఆ నెలలు ఆమె ఎట్లా గడిపిందో చెప్పడానికి నాకు ఏ ఎక్కమూ చాలదు. కూడికలో పాఠాలు చెప్పేది గానీ, గొంతులో మునుపటి ధీమా లేదు. ఏదైనా పోలిక చెప్పబోయి, మధ్యలో ఆగి, పిల్లల ముఖాలు చూసి మాట మింగేసేది.

అక్టోబరులో ఖాలా స్వయంగా కొమ్మ కోసి, స్వయంగా చుట్టి ఇచ్చింది. నేను దుకాణంలో సెలవు అడిగి పెద్దమ్మను తీసుకుని బయలుదేరాను. వాడి జంక్షనులో బండి మారి, గుల్బర్గాలో దిగి, దఫేదారన్న చెప్పిపోయిన గల్లీ వెతుక్కుంటూ పోతే ఆ గదికి తాళం వేసి ఉంది. ఎదురింటి ఆమె గడప మీద కూర్చుని మసాలా దంచుతోంది. పెద్దమ్మ పిల్ల పేరు చెప్పింది, ఆమెకు తెలియలేదు. వయసు చెప్పింది, జడ పొడుగు చెప్పింది, తల్లి లేని పిల్ల అని చెప్పింది. అప్పుడు ఆమె రోకలి ఆపింది.

"కౌన్, వో గూంగీ బచ్చీ?"

ఎవరు, ఆ మూగపిల్లనా అని. అంతే. ఆ ఊరికి ఆ పిల్ల తెలిసింది ఆ ఒక్క మాటతోనే. తండ్రికి ఎక్కడో దూరం తాలూకాకు బదిలీ అయిందట, మూగపిల్లను ఉద్యోగస్తుడు ఎట్లా సాకుతాడని ఆయన చెల్లెలు వచ్చి తన ఊరికి తీసుకుపోయిందట, ఏ ఊరో ఎదురింటి ఆమెకు తెలియదు. నేను ఆఫీసుకు పోయి అడిగితే తాలూకా పేరు చెప్పారు. అక్కడికి తర్వాత ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు.

తిరుగు బండిలో పెద్దమ్మ ఆ మూటను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. వాడి దాటాక గోనెపట్ట ఆరిందేమోనని విప్పితే, కొమ్మ కణుపు దగ్గర ఆవగింజంత పచ్చటి మొలక పొడుచుకొచ్చి ఉంది. ఆమె దాన్ని చూసి, మళ్ళీ చుట్టేసి, కిటికీ వైపు తిరిగింది. ఇంటికి వచ్చాక దాన్ని నాటనివ్వలేదు. ఖాలాకు తిరిగి ఇచ్చేసింది.

కూడిక ఇంకొంత కాలం నడిచి, పిల్లలు తగ్గి, ఒక ఆదివారం ఎవరూ రాకపోవడంతో ఆగింది. తర్వాత ఖాలా పోయింది, ఆమె కొడుకులు ఇల్లు అమ్మారు, పెద్దమ్మ కూడా పోయింది. పోయే ముందు రోజుల్లో కూడా ఆమె తన పాపాల జాబితాలో ఆ మైనాన్ని చేర్చి క్షమాపణ అడుగుతుంటే, అది ప్రేమే గదా పెద్దమ్మా అని నేనన్నా ఒప్పుకునేది కాదు. ప్రేమ అయితే ఇంకా భయం అనేది.

ఇప్పుడు ఆ వాకిలి ఉన్నచోట దుకాణాల వరస ఉంది, గల్లీలో ఆటోల మధ్య నడవడానికి దారి దొరకదు. పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళకు రంగుల బొమ్మలున్నాయి, ఎండని కొమ్మలున్నాయి, పాఠం అయిపోగానే పిల్లలు నవ్వుకుంటూ ఐస్ ఫ్రూట్ బండి దగ్గరికి పోతారు. అది మంచిదేనేమో. ఊళ్ళ మధ్య మాట్లాడుకోవడానికి ఫోన్లు వచ్చాయి, మా గల్లీ చివరే పసుపు రంగు బూత్ ఒకటి పెట్టారు. దాని ముందు నుంచి పోయిన ప్రతిసారీ నా కాళ్ళు కాస్త నెమ్మదిస్తాయి, చెప్పవలసిన మాట సిద్ధంగా ఉంటుంది, తిప్పవలసిన నంబరే లేదు.

ఆ పిల్లకు ఇప్పుడు నలభై నిండి ఉంటాయి. బతికి ఉంటే అటువైపు ఏదో ఊళ్ళో, ఏదో చిన్న గుడిలో, ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చునే ఉంటుంది. ఏడాదికి ఒకసారైనా అక్కడి పాస్టరుగారు ఈ ద్రాక్షతీగె పాఠమే తీస్తారు. ఎండిన కొమ్మ మాట రాగానే ఆమె తల వంచుకుంటుంది. పక్కన కూర్చున్నవాళ్ళు అది భక్తి అనుకుంటారు.