బొంబాయి మా ఊరే అన్న యాదమ్మత్త

మా మేనత్త యాదమ్మ బొంబాయిలో తనువు చాలించిందన్న వార్త ఫోనులో వచ్చినప్పుడు నేను హాలియాలో మా మేడ మీద మిరపకాయలు ఎండబోస్తున్నాను. ఫోను చేసింది ఆమె పక్క గదిలో ఉండే నర్సమ్మ. "మీ అత్త పొద్దుగాల లేవలే, టీచరమ్మా" అన్న ఒక్క మాట చెప్పి ఏడుపు అందుకుంది. నేను ఆ మిరపకాయల మధ్యనే చతికిలబడ్డాను. పిడుగుపాటు వంటి వార్త అని విద్యార్థుల చేత ఎన్నోసార్లు వ్యాసాలలో రాయించాను గానీ, దాని అర్థం ఆనాడే తెలిసింది.

బొంబాయి వెళ్లి, కర్మకాండ ముగించుకుని తిరిగి వచ్చాక మా తమ్ముడు సత్తయ్య ఒక పత్రిక ముక్క చేతిలో పెట్టాడు. లోపలి పుట అడుగున రెండు వాక్యాలు. పైన శీర్షిక: ముంబయిలో వలస కూలీ వృద్ధురాలి మృతి. చదవగానే దుఃఖం పక్కకు తప్పుకొని కోపం ముందుకు వచ్చింది. బతుకంతా తెలుగు పాఠం చెప్పినదాన్ని, మాటకు అర్థం తప్పితే ఊరుకోలేను. వలస అంటే ఋతువుకు వచ్చి ఋతువు తిరగ్గానే ఎగిరిపోయే పక్షుల మాట. పెళ్లికూతురిగా అడుగుపెట్టి, గల్లీ పిల్లలందరికీ అవ్వ అయి, ఆ గల్లీలోనే ప్రాణం విడిచిన మనిషికి ఆ మాట ఎట్లా వర్తిస్తుందో ఆ రాసినవారే చెప్పాలి. వారు చెప్పరు గనుక నేను చెబుతాను.

దేవరకొండ దిక్కున మాది గొర్లకాపరుల కుటుంబం. కృష్ణమ్మ మా కింది ఊళ్లకు కాలువై పారింది గానీ మా మెట్టకు ఎక్కలేదు. కరువులో మంద కరిగిపోతే మా తాత కూతురిని బొంబాయి రేవులో హమాలీ పని చేసే సంబంధానికి ఇచ్చాడు. అక్కడ రేవును గోదీ అంటారు. మామ గోదీలో మూటలు మోసేవాడు. అత్త మట్టితట్ట నెత్తికెత్తింది. వాళ్లు ఉన్న గల్లీ నేల కూడా ఒకప్పుడు ఉప్పునీటి బురదే. మా దిక్కు నుంచి వెళ్లిన పాత తరాలవాళ్లు మట్టి పోసి గట్టి చేస్తే ఆ మహానగరానికి అంత నేల పెరిగింది. రేవుకు యంత్రాలు వచ్చి మూటలు మోసే పని పోయింది, మిల్లుల గొట్టాలు చల్లారాయి, వాటి జాగాలో ఆకాశహర్మ్యాలు లేచాయి. ఆ మార్పులన్నిటినీ ఒకే గడప మీద కూర్చొని చూసిన ధీరురాలు మా అత్త.

కొత్తగా కాపురానికి వెళ్లిన ఏడు జరిగిన సంగతి ఆమె నవ్వుతూ చెప్పేది. సద్దుల బతుకమ్మ నాడు గల్లీ ఆడవాళ్లందరూ, ఊరి నుంచి బస్సు మీద సంచుల్లో తెప్పించుకున్న తంగేడు, గునుగు పూలతో బతుకమ్మలను పేర్చి సముద్రానికి పోయారట. చెరువు తెలిసినవాళ్లే గానీ పోటు, ఆటు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. సరిగ్గా సముద్రం పొంగే వేళకు నీళ్లలో విడిచారు. విడిచిన బతుకమ్మలు విడిచినట్టే తిరిగి వచ్చి వాళ్ల కాళ్ల దగ్గర ఆగాయి. మళ్లీ తోస్తే మళ్లీ వచ్చాయి. గౌరమ్మ అలిగిందని, గల్లీకి కీడు తప్పదని పెద్దముత్తయిదువులు శోకం మొదలుపెట్టారు. అందరిలోకి చిన్నది మా అత్త. ముందుకు వచ్చి, "పొమ్మన్నా పోతలేదంటే ఉంటనంటుంది. ఉండనీయుండ్రి. మనం గుడ ఉందాం" అన్నదట. మరుసటి ఏడు నుంచి చేపలమ్మే కోలీ ఆడవాళ్లను అడిగి, ఆటు వేళ తెలుసుకొని వెళ్లడం మొదలుపెట్టారు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. పొద్దుగూకే వేళకు గల్లీ మొదట్లో నిలబడి, పనుల నుంచి తిరిగి వచ్చేవాళ్ల ముఖాలు చూసేది. గొర్లకాపరి బిడ్డ కదా, మంద ఇంటికి చేరిందో లేదో చూసుకోనిదే ముద్ద దిగేది కాదు. మామ పోయాక, పిల్లలు లేని ఆమెకు ఆ గల్లీయే సంతానమయింది. ఒకసారి కల్వకుర్తి నుంచి కొత్తగా వచ్చిన ఒక పిల్లగాడు రెండు రోజులు కనిపించలేదు. గుత్తేదారును అడిగితే ఊరికి పోయాడన్నాడు. "ఊరికి పోయేటోడు నాకు చెప్పకుంట పోడు" అని చెప్పి ఈమె దవాఖానల వెంట పడింది. ఒకచోట పేరు తెలియని రోగిగా, విరిగిన కాలుతో పడి ఉన్నాడు. ఆ పిల్లగాడు ఈనాడు షాద్‌నగర్‌లో సొంత దుకాణం నడుపుతున్నాడు, అత్త శవం వద్ద అందరికంటే ఎక్కువ ఏడ్చింది అతడే.

బొంబాయిలో తెలుగు కూలీలను కామాఠీలనేవారు. మన చదువుకున్నవాళ్లకు ఆ మాట నామోషీ. ఒక సభలో ఒక పెద్దమనిషి ఆ పేరు మనం వదిలించుకోవాలని గంభీరంగా ఉపన్యసించాడు. మా అత్త కూర్చున్నచోటి నుంచే, కామాటి అంటే కామ్ చేసేటోడు, పని చేసినోళ్లకు సిగ్గెందుకు, పని చేయనోళ్లు ఏదన్న మంచి పేరు ఉంటె పెట్టుకోండ్రి అన్నదట. సభలో అందరూ నవ్వారు గానీ ఆమె నవ్వలేదని నర్సమ్మ చెప్పింది.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన నాడు ఆ గల్లీలో జరిగిన సంబరం నేను కళ్లారా చూశాను. డప్పులు మోగాయి, గులాల్ చల్లుకున్నారు, అత్త వద్దు వద్దంటూనే చిందేసింది. అసలు యుద్ధం ఆ తర్వాతే మొదలయింది. ఆ నేల మీద కన్నేసిన ఒక బిల్డరు, గల్లీని పడగొట్టి మేడలు కట్టడానికి అనుమతులు తెచ్చుకున్నాడు. ఇక్కడివాళ్లకు నగరం చివర, లోకల్ రైలు దిగి మళ్లీ బస్సెక్కితే గానీ చేరలేని చోట గదులిస్తానన్నాడు. ఆ దూరం వెళితే ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్ల పనులు పోతాయి, పిల్లల బడులు పోతాయి. కట్టే మేడల్లోనే మాకు గదులు కావాలి, ఈ జాగా మీదనే కావాలి, అప్పటిదాకా కదిలేది లేదు అన్నది మా అత్త. గల్లీ ఆమె వెనక నిలబడింది.

అప్పుడు బిల్డరు మనిషి ఒకడు తెలివిగా ఒక మాట తెచ్చాడు. మీ రాష్ట్రం మీకు వచ్చింది కదా అవ్వా, ఇంక ఇక్కడేం పని, మీ ఊరికి మీరు పోవచ్చు కదా అన్నాడు. విచిత్రమేమిటంటే, మన వైపు నుంచి వచ్చిన పెద్దలూ అదే మాట అన్నారు. నీళ్లు వస్తున్నాయి, వలసలు వాపసు వస్తున్నాయి, నువ్వూ రా, నీకు శాలువా కప్పుతాం అన్నారు. రెండు దిక్కుల నుంచీ ఆమెను పొమ్మనేవాళ్లే. ఆ పూట నేను అక్కడే, ఆమె పక్కన మంచం మీద కూర్చొని ఉన్నాను. అత్త చీర కొంగుతో ముఖం తుడుచుకొని చెప్పిన జవాబు, ప్రబంధ నాయికల సంభాషణలు ఎన్నో వల్లించిన నాకు, ఇంతవరకు మరపు రాలేదు.

"రాష్ట్రమొచ్చింది, సంతోషం. తల్లిగారిల్లు బాగుపడ్డది. తల్లిగారిల్లు బాగుపడితె ఏ ఆడిదన్న అత్తగారింటికి ఇడుపుకాయితం ఇచ్చి పోతదా?"

విడాకులకు మా దిక్కున ఇడుపుకాయితం అంటారని నేను ఆ పెద్దలకు విడమర్చి చెప్పవలసిన అవసరం రాలేదు. వాళ్లు తెచ్చిన శాలువాను తీసుకొనే వెళ్లిపోయారు.

బిల్డరు మాత్రం వెళ్లిపోలేదు. గల్లీ చుట్టూ రేకుల గోడ లేచింది. నల్లా ఎండిపోయింది. పక్కన పాత గోదాములను పగులగొట్టే దుమ్ము రాత్రింబగళ్లు ఇళ్లలో పడేది. ఆ దుమ్ముకే అత్త ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని నా నమ్మకం, డాక్టరు అంత గట్టిగా చెప్పకపోయినా సరే. కోర్టులో వేసిన దావా ఎటూ తేలలేదు గానీ, ఆమె బిందె పట్టుకొని వార్డు ఆఫీసు మెట్ల మీద బైఠాయిస్తే నల్లా నీళ్లు మళ్లీ వచ్చాయి. ఫోను చేసినప్పుడల్లా నేను, నా దగ్గరకు వచ్చి కొన్నాళ్లు ఉండరాదా అని పోరేదాన్ని. "నీ ఇంటికి సుట్టంగ వస్త కోడలా, పారిపోయి రాను" అనేది. దగ్గు ఆమె మాటను నడుమనే తెంచేది, అయినా మాట పూర్తి చేయకుండా ఫోను పెట్టేది కాదు.

ఆమె పోయిన నాడు, ఆడబిడ్డ కట్టె సొంత గడ్డ మీదనే కాలాలని సత్తయ్య పట్టుబట్టాడు. అంబులెన్సు కూడా మాట్లాడాడు. తప్పు పట్టను, వాడిదీ ప్రేమే. కానీ నర్సమ్మ దారికి అడ్డంగా నిలబడి, అత్త ఎప్పుడో చెప్పి ఉంచిన మాట వినిపించింది: "నన్ను మోటర్ల ఏసి ఊరికి తోలకుండ్రి. సచ్చినంక గుడ నన్ను వలసపోయినదాన్ని చేస్తరా?" అది విన్నాక సత్తయ్య అంబులెన్సును పంపించివేశాడు. గల్లీ మొత్తం ముందు నడవగా, గోదీ వైపు శ్మశానంలో ఆమెను సాగనంపాము. ఈ సంగతి తెలిసి ఉంటే ఆ పత్రికవారు ఆ శీర్షిక పెట్టేవారు కాదేమో.

మూడోనాడు గల్లీలోనే పిట్టకు పెట్టాము. ఆకులో జొన్నరొట్టె, మాంసం, కల్లుతో పాటు ఆమె ప్రాణం పెట్టే వడాపావ్ కూడా ఉండాల్సిందేనని నర్సమ్మ తెచ్చింది. మా ఊళ్లో అయితే పిట్ట ఒక్కోసారి మధ్యాహ్నం దాకా ముట్టదు. పోయినవాళ్లకు ఏ కోరిక మిగిలిందోనని బంధువులు చేతులు జోడించి, పొలం పంచుకోబోమని ఒకరు, తగవు మానుకుంటామని ఒకరు మాట ఇస్తూ నిలబడతారు. గల్లీ ఆడవాళ్లు కూడా తమ మాట సిద్ధం చేసుకొనే వచ్చారు. కానీ బొంబాయి కాకికి అంత ఓపిక ఎక్కడిది? ఆకు పరిచిన చేయి వెనక్కి తీయకముందే వచ్చి వాలింది, వడాపావ్ ఎత్తుకొని పోయింది, వెనకనే నాలుగు వచ్చి మిగతాది పంచుకున్నాయి.

సత్తయ్య ఊపిరి పీల్చుకొన్నాడు. అత్తకు ఏ కోరికా మిగల్లేదు, ఇంక పోదాం పాండ్రి అన్నాడు. ఎవరూ కదల్లేదు. రేకుల గోడ అవతల బిల్డరు మనుషులు నిలబడి చూస్తున్నారు.

"ఆమె దిక్కు అయిపోయింది. మా దిక్కు చెప్పాలె గద" అంది నర్సమ్మ. ఆకు ముందుకు వచ్చి, గోడ అవతలికి వినిపించేటట్టు, "యాదమ్మక్కా, జాగ ఇడువం" అన్నది. ఆమె వెనక ఇంకొకరు వచ్చారు, వాళ్ల వెనక ఇంకొకరు. ఎవరికి వారు తమ గొంతుతో అదే మాట చెప్పి పక్కకు జరిగారు. సత్తయ్య కూడా రుమాలు తీసి చేతిలో పట్టుకొని చెప్పాడు.

ఆ మహనీయురాలి స్థానం పూరింపరానిది. పొద్దుగూకే వేళ ఆ గల్లీ మొదట్లో నిలబడే మనిషి ఇక లేదు, అట్లాంటి మనిషిని తయారు చేసే విద్య ఏ బడిలోనూ లేదు, నా బడిలో అంతకన్నా లేదు. చివరికి నా వంతు వచ్చింది. ఆ నగరంలో నాకంటూ అడుగు నేల లేదు. అయినా ముందుకు నడిచాను. కాకులు ఖాళీ చేసిపోయిన ఆకు ముందు నిలబడి, "ఇడువం అత్తా" అన్నాను.