మా ఇంటికి కరాచీ వచ్చిన ఏడాది

మా చిన్నతనంలో, కొత్త సంవత్సరం మొదటి ఆదివారం నాడు మా మందిరంలో ఊళ్ళు పంచేవాళ్ళు...

నిజంగానే ఊళ్ళు. మా పాస్టరు అయ్యగారు ఏదో పుస్తకంలో చూసి, ఎక్కడెక్కడి పట్నాల పేర్లో చీటీల మీద రాసి, బుట్టలో వేసి తెచ్చేవారు. ఇంటికొక చీటీ. ఏ ఇంటికి ఏ ఊరు వస్తే ఆ ఏడాదంతా భోజనానికి ముందు ఆ ఊరి కోసం ప్రార్థన చేయాలి. అక్కడివాళ్ళకు సువార్త అందాలని, వాళ్ళు చల్లగా ఉండాలని...

మార్కాపురం దాటితే పొదిలి కూడా సరిగ్గా చూడని మనుషులం. అయినా మా పాలెం కుళాయి దగ్గర "మీ ఇస్తాంబుల్ ఎట్లుంది వదినా?" అని ఆడవాళ్ళు ఎకసెక్కాలాడుకునేవాళ్ళు.

ఆ ఏడు మా ఇంటికి కరాచీ వచ్చింది.

అయ్యగారు చెప్పింది ఇంతే. "సముద్రం ఒడ్డున పెద్ద పట్నం. రకరకాల భాషలోళ్ళు, ఎక్కడెక్కడి నుంచో వచ్చినోళ్ళు ఉంటారు. ఎక్కువమంది ముస్లింలు. మన విశ్వాసులు కొద్దిమందే." అది ఏ దేశంలో ఉందో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు. బొంబాయికి అవతల ఎక్కడో ఉంటుందనుకుంది మా అమ్మ.

అమ్మకు చదువు రాదు. పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించే పని. సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. తనకు తెలిసిన కష్టాలే ఆ ఊరికీ ఉంటాయని అనుకునేది. సంగటి తట్ట ముందు కళ్ళు మూసుకుని "ప్రభువా, కరాచీలో కుళాయిలకు నీళ్ళు రావాల... చేపలకు పోయినోళ్ళు గట్టుకు చేరాల... నువ్వెవరో వాళ్ళకు తెలియాల" అంటూ పోయేది. సంగటి చల్లారిపోయేది. నాయన మెల్లగా ఒక కన్ను తెరిచి చూసేవాడు.

ఫ్యాక్టరీలో అమ్మ పక్కనే కూర్చుని పనిచేసే ఖాసింబీ పిన్నికి ఈ సంగతి తెలిసింది.

"ఏందక్కా, మావోళ్ళ కోసం సముద్రం దాకా పోయినావంట? ఈడ పక్కన కూర్చున్నదాన్ని నీ ప్రభువుకు కనపడలేదా?"

"నీ పేరు రోజూ చెప్తానే ఉండా. నీ నోరు బాగు చెయ్యడం ఆయన వల్ల కూడా అయ్యేటట్టు లేదు" అంది అమ్మ.

ఇద్దరూ పడీపడీ నవ్వారు. పిన్ని నమాజు పిన్నిది, అమ్మ ప్రార్థన అమ్మది. ఆ విషయంలో ఇద్దరూ ఇంచు కూడా కదిలేవాళ్ళు కాదు.

ఆ వేసవిలో సరిహద్దులో యుద్ధం మొదలైంది. టీ దుకాణంలో రేడియో చుట్టూ జనం. కరాచీ పాకిస్తాన్‌లో ఉందని మాకు అప్పుడు తెలిసింది...

పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాను. అమ్మ సంగటి దించి తట్టలో పెట్టింది. తర్వాత తట్ట ముందు కూర్చుని, ఎప్పటిలాగే మొదలుపెట్టింది. ఒక్క మాట మాత్రం కలిపింది. "మన పిల్లోళ్ళు, వాళ్ళ పిల్లోళ్ళు... అందరూ ఇండ్లకు రావాల."

రెండు రోజులకు మా సంఘ పెద్ద యోహాను పెదనాయన ఇంటికి వచ్చాడు. అయ్యగారు వేరే ఊర్లో ప్రార్థన కూటాలకు పోయి ఉన్నారు.

"మరియమ్మా, బజార్లో అప్పుడే మాటలు మొదలైనాయి. పాలెమోళ్ళు శత్రువుల కోసం ప్రార్థన చేస్తుండారంట అని. మందిరం మీద రాళ్ళు పడితే ఎవరు జవాబు చెప్పాల? ఆ ఊరు వదిలెయ్. ఇంకో ఊరిస్తా. విశాఖపట్నం తీసుకో, దానికీ సముద్రముంది."

"మార్చుకోడానికి అది అంగట్లో చీరనా బావా? శత్రువుల సంగతి ప్రభువేం చెప్పినాడో పోయిన ఆదివారం నువ్వే గదా చదివి వినిపించినావు!"

పెదనాయన ముఖం మాడ్చుకుని లేచాడు. "ఇంట్లో ఏమన్నా చేసుకో. మందిరంలో ఆ పేరెత్తితే మాత్రం పాటెత్తుకుంటా."

ఎవరి ప్రార్థనైనా మరీ పొడుగైతే, పెద్దలు మధ్యలో పాట ఎత్తుకుని ఆపించడం మా మందిరంలో అలవాటు. ఆపాక కూర్చోవాలి. అంతే. ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

ఆదివారం వచ్చింది. ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ లేచి నిలబడింది. కరాచీ అన్నదో లేదో పెదనాయన పాట ఎత్తుకున్నాడు. అందరూ అందుకున్నారు. సిగ్గుతో చచ్చిపోతూ, అందరికంటే గట్టిగా పాడినవాణ్ణి నేనే...

పాట అయిపోయింది. అమ్మ కూర్చోలేదు. ఆగిన చోటు నుంచే మళ్ళీ "కరాచీలో బిడ్డల తల్లులు..." అంది. మళ్ళీ పాట. ఈసారి సగం మందే పాడారు. అమ్మ చేతులు జోడించుకుని నిలబడే ఉంది. మూడోసారి పెదనాయన గొంతు ఒక్కటే లేచింది. రెండు చరణాలు ఒంటరిగా లాగి, దగ్గు వచ్చి ఆపేశాడు.

అమ్మ తన ప్రార్థన మొత్తం చేసింది. కుళాయిలు, చేపల వాళ్ళు, తల్లులు, సువార్త... ఒక్కటీ వదల్లేదు. ముగించగానే మగవాళ్ళ వైపు నుంచి "ఆమెన్" అని కప్పు అదిరేటట్టు ఒక కేక. మందిరంలో ఎన్నడూ నోరు విప్పని మా నాయన.

బయటికి వచ్చాక పెదనాయన నిలేశాడు. "పెళ్ళానికి చెప్పుకోలేవా నువ్వు?"

"నేను చెప్పాల్సింది లోపలే చెప్పినా గదన్నా" అన్నాడు నాయన.

రాళ్ళు పడలేదు. పడి ఉన్నా అమ్మ మానేది కాదు.

ఇప్పుడు మా మందిరానికి మైకులు, ఫ్యాన్లు, మంచి కుర్చీలు వచ్చాయి. ఊళ్ళు పంచడం మాత్రం పోయింది. ప్రార్థన మనవులన్నీ మా పిల్లల పరీక్షలు, మా ఉద్యోగాలు, మా ఇళ్ళ స్థలాలు... అమ్మా నాయనా లేరు. ఫోనులో రోజూ ఎవరో ఒకరు, ఎవరిని అసహ్యించుకోవాలో నాకు నేర్పుతూ సందేశాలు పంపుతుంటారు. వాళ్ళందరికీ ఇక్కడే చెబుతున్నాను. అన్నం ముందు ఆ ఊరి పేరు నేను ఇప్పటికీ చెబుతాను. మీకు ఎన్ని పాటలు వస్తే అన్నీ ఎత్తుకోండి... అయ్యేదాకా నిలబడే ఉంటాను.

మీ ఇంట్లో కూడా, ఎన్నడూ చూడని మనుషుల కోసం అన్నం చల్లారబెట్టుకున్న వాళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళ గురించి రాయండి... చదవాలని ఉంది.