ఫిరంగి మోత తర్వాత నా ఎడమ చెవి

ఆ ఆదివారం కేంబ్రిడ్జ్ దగ్గరి మైదానం నుంచి స్కార్‌బరోలోని మా ఇంటికి తిరిగి వస్తుంటే, డ్రైవ్ చేస్తున్న నా భార్య నిర్మల ఏదో అడిగింది. పెదవులు కదిలాయి. నాకు సన్నటి ఈల తప్ప ఏమీ వినిపించలేదు.

నా కుడి చెవి చిన్నప్పుడే చీము పట్టి పోయింది. విలేకరిగా బతుకంతా ఎడమ చెవితోనే నెట్టుకొచ్చాను. అదీ పోతే మనుషుల మాటే ఉండదు.

రిటైరయ్యాక అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడిన ఒక ఫిరంగి దళం గురించి పుస్తకం రాస్తున్నాను. బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన పక్షమది. ఆ మాట మొదటి పేజీలోనే రాశాను. గుర్రాలు చచ్చిపోతే ఫిరంగుల్ని బురదలో చేతులతో లాగినవాళ్లు, చెవులు దిబ్బడేసినా మందు కూరుతూనే ఉన్నవాళ్లు ఎలా ఉండేవారో తెలుసుకోవాలనుకున్నాను. అలాంటి దళాల వేషం కట్టి, గుండు లేకుండా ఉత్త తుపాకిమందుతో ఫిరంగి పేల్చి చూపించేవాళ్లు ఆ మైదానానికి వచ్చారు. వాళ్ల నాయకుడి మాట అందడం లేదని ఇయర్‌ప్లగ్ తీశాను. అప్పుడే ఫిరంగి పేలింది.

ఇంటికి రాగానే నిర్మల నువ్వులనూనెలో వెల్లుల్లి కాచి చెవిలో పోసింది. వాళ్ల నాన్నగారికి అలాగే తగ్గిందట. రోజూ పోస్తూ వారం గడిపేశాం. చివరికి మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న కరీంనగర్ స్టూడెంట్ శ్రావణి పైకి వచ్చింది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో తర్వాత నిర్మలే రాసి చూపించింది.

“ఆంటీ, అంకుల్‌ని ఎమర్జెన్సీకి తీస్కపోదాం, లెవ్వండి.”

“నువ్వు చదివేది హోటల్ మేనేజ్‌మెంటేగా, డాక్టరీ కాదుగా?”

“అందుకే చెప్తున్న. ఆ నూనె బజ్జీలకు.”

ఎమర్జెన్సీ నుంచి ఈఎన్‌టీకి పంపారు. డాక్టర్ ముందు చెవిలోంచి నూనె తీసేసి, ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష చేయించి, నా కోసం కంప్యూటర్‌లో పెద్ద అక్షరాలతో టైప్ చేశాడు: “అకూస్టిక్ ట్రామా, అంటే పెద్ద మోతకు లోపలి చెవి దెబ్బతింది. స్టెరాయిడ్స్ ఇప్పుడే మొదలుపెడదాం. మొదటి రోజే రావాల్సింది. హామీ ఇవ్వలేను.”

మాత్రలతో షుగర్ పెరిగింది, నిద్ర కరువైంది. రెండో ఆడియోగ్రామ్‌లో గీత అంగుళం కూడా కదల్లేదు. ఆ రోజు నిర్మల కారులోనే ఏడ్చింది. కర్ణభేరిలోంచి ఇంజెక్షన్లు ఇద్దామన్నాడు డాక్టర్. సరేనన్నాను. ఒక్కో ఇంజెక్షన్ తర్వాత గది గిర్రున తిరిగేది.

పని మాత్రం ఆపలేదు. ఫిరంగి మోతలో ఆజ్ఞలు వినబడవు కాబట్టి, గురి చూసేవాడు ఫిరంగి తోకను, అంటే బండి వెనక దూలాన్ని తట్టి ఎటు జరపాలో చెప్పేవాడని చదివాను. మేమూ ఆ పద్ధతే పెట్టుకున్నాం. రోడ్డు దాటేటప్పుడు నిర్మల నా భుజం తట్టేది: ఒకసారి తడితే ఆగు, రెండుసార్లు తడితే నడు. ఇంటర్వ్యూలకు ఫోన్‌లో క్యాప్షన్స్ పెట్టుకున్నాను.

మూడో పరీక్షలో మంద్రంగా ఉండే శబ్దాలు తిరిగి వచ్చాయి. సన్నటివి రాలేదు, రావని డాక్టర్ చెప్పేశాడు. ఇప్పుడు హియరింగ్ ఎయిడ్ ఉంది. ఈల కూడా ఉంది. బస్సులో ఎవరేమన్నా “మళ్లీ చెప్పండి” అని మొహమాటం లేకుండా అడుగుతాను. నిర్మల గొంతు కొంచెం రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది గానీ, ప్రతి మాటా అందుతుంది. పుస్తకంలో ఇంకో అధ్యాయమే మిగిలింది.

చదువుతున్నవారికి ఒక్కటే చెబుతాను. చెవి ఉన్నట్టుండి వినబడకపోతే అదే రోజు హియరింగ్ టెస్ట్‌కు వెళ్లండి. దారిలో ఎవరైనా చిట్కా చెప్పబోతే, వినబడలేదని చెప్పి ముందుకు నడవండి.