గెడ్డకు అవతల పౌలా

అరకు దాటి కొండ మీదికి పోయే మట్టిరోడ్డు చివర కనక ఇల్లు. వెనక కాఫీ తోట, తోట కింద గెడ్డ అనే కొండవాగు, ముందు చోడి (రాగి) చేను. ఆమె భర్త మంగ్లు ఇంటిని ఆనుకుని రెండు రేకుల గదులు వేయించాడు. మబ్బులు చూడడానికి వచ్చేవాళ్లు వాటిలో దిగి, బొంగులో చికెన్ వండించుకుని, ఫొటోలు తీసుకుని మర్నాడో ఆ మర్నాడో వెళ్లిపోతారు. పౌలా మాత్రం వెళ్లలేదు.

ఆమెది చిలీ దేశం. అదెక్కడుందో ఫోనులో చూపించింది. ప్రపంచానికి అడుగున, సన్నగా, చిక్కుడుకాయలా ఉంది. వీపున సంచి తగిలించుకుని దాదాపు ఏడాదిగా దేశాలు తిరుగుతోంది. ఒక స్నేహితుడితో కలిసి బయల్దేరిందట. లంబసింగిలో ఇద్దరికీ మాటా మాటా పెరిగి అతను గోవా పోయాడు, ఈమె ఒక్కతే ఇటు వచ్చింది. నాలుగు రోజులుంటానంది. వానలు మొదలైనా కదల్లేదు.

ఇద్దరికీ మధ్య ఫోనే దుబాసి. పౌలా తన భాషలో మాట్లాడితే అది రేడియోలో వార్తలు చదివినట్టు తెలుగులో చెప్పేది. కనక మాట మాత్రం దానికి అంతుపట్టేది కాదు. "ఏటి తింతావే?" అని అడిగితే ఇంకేదో చెప్పేది. ఇద్దరూ పగలబడి నవ్వేవారు.

రానురాను ఆ నవ్వు పోయింది. వీసా గడువు దగ్గరపడుతోంది. నేపాల్ వెళ్లాలా, గోవా వెళ్లి అతన్ని కలవాలా, ఇంటికి పోవాలా? పౌలా పొద్దంతా అరుగు మీద కూర్చుని ఫోనులో మ్యాపును పెద్దది చేసి, చిన్నది చేసి చూసుకునేది. టిక్కెట్టు కొనబోయి ఆగిపోయేది. అన్నం కెలికి వదిలేసేది. గదిలో గడియ వేసుకోవడమే కాక తలుపుకు అడ్డంగా కుర్చీ కూడా పెట్టుకోవడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ ఫోను చేస్తే ఎత్తేది కాదు. ఒక సాయంత్రం ఫోను దగ్గర ఏదో గొణిగింది. అది తడబడకుండా పలికింది: "నాకు ముందుకు వెళ్లాలంటే భయంగా ఉంది. వెనక్కి వెళ్లాలన్నా భయంగా ఉంది."

బియ్యం చెరుగుతున్న కనక చెయ్యి ఆగిపోయింది.

ఆ భయం ఆమె ఎరిగినదే. పదిహేడో ఏట ఒక ఏజెంటు వచ్చి, రొయ్యల కంపెనీలో మూడు నెలల పని అని చెప్పి కొండ మీది ఆడపిల్లల్ని వేరే రాష్ట్రానికి తీసుకుపోయాడు. పగలంతా మంచునీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తుంచడం, పని అయ్యాక షెడ్డులో తోసి తాళం. గడువు దాటినా ఇంటికి పంపలేదు. ఒక ఆదివారం గేటు తెరిచి ఉంది. కనక అక్కడ చాలాసేపు అలాగే నిలబడిపోయింది. బయటికి పోతే తన ఊరు ఏ దిక్కో తెలీదు. లోపలికి పోతే మళ్లీ తాళమే. చివరికి ఏ ధైర్యం వచ్చిందో పరుగెత్తింది. రైలు స్టేషన్లో ఒక మూల ముడుచుకుని ఉంటే, పూలమ్ముకునే ముసలామె ఏమీ అడక్కుండా వచ్చి పక్కన కూర్చుంది. రైలు వచ్చేదాకా లేవలేదు. ఎలాగో ఇల్లు చేరింది గానీ, ఆ గేటు దగ్గరి వణుకు ఇంకా ఒంట్లోంచి పోలేదు. ఈ సంగతి మంగ్లుకు తప్ప ఎవరికీ తెలీదు.

పౌలాకు కూడా చెప్పలేకపోయింది. "తిను," అని మాత్రం అంది.

రెండు రోజుల తరవాత, వాన కాస్త తెరిపి ఇచ్చిన ఉదయం, కనక అంబలి గిన్నెతో గదికి వెళ్లేసరికి తలుపు బార్లా తీసి ఉంది. సంచి ఉంది, మంచం మీద ఫోనూ ఉంది. పౌలా లేదు.

"అలా తిరగడానికెల్లుంటాదిలేయే," అన్నాడు మంగ్లు.

"ఫోను ఒగ్గేసి ఎల్లదా గుంట. నువ్వు రోడ్డుకాసి సూడు. నాను గెడ్డకాసి ఎల్తాను. బేగెల్లు!"

తోట దాటగానే తడి మట్టిలో బూట్ల అచ్చులు కనబడ్డాయి. వాటి వెంట దిగుతుంటేనే గెడ్డ హోరు వినిపించింది. పై కొండల్లో గట్టి వాన పడినట్టుంది, నీళ్లు ఎర్రగా, కొమ్మలూ రెమ్మలూ మోసుకుంటూ వస్తున్నాయి. బూట్ల జాడ నీళ్ల అంచుదాకా పోయింది. వెనక్కి తిరిగిన జాడ లేదు.

"పౌలా!" అని కనక అరిస్తే ఆ హోరులో తన గొంతు తనకే వినపడలేదు. ఒడ్డెంట పడి, పొద పొదా విడదీసి చూస్తూ పోయింది. ఒకచోట వేళ్లలో నీలంగా ఏదో చిక్కుకుని ఆడుతోంది. పౌలా చొక్కా నీలందే. లాగి చూసింది. చిరిగిన ఎరువుల బస్తా. ఆ పిల్ల తల్లికి ఈ మాట ఏ భాషలో చెప్పాలి, ఎవరు చెప్పాలి?

మలుపు తిరిగాక కనబడింది. అవతలి ఒడ్డున బండ మీద మోకాళ్లు పట్టుకుని పౌలా. తెల్లారుతూనే నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు దాటిందన్నమాట. ఇప్పుడు రాలేక చిక్కుకుంది.

కనక ఊపిరి పీల్చుకునేలోగానే పౌలా ఆమెను చూసి లేచింది, నీళ్లలోకి దిగింది. మోకాళ్లు మునిగాయి. తొడలు మునిగాయి. ఒక్కసారి తూలింది.

"వద్దే! దిగొద్దు! ఎనక్కెల్లు!" రెండు చేతులతో గాలిని నెడుతూ అరిచింది కనక.

పౌలా ఆగి, ఇటు చూసింది. తల తిప్పి వెనకనున్న అడవిని చూసింది. ఆ చూపు కనకకు తెలుసు. అలా చూసే మనిషి మరుక్షణం ఏం చేస్తుందో చెప్పలేం. మరేమీ తోచక, ఉన్నచోటే బురదలో చతికిలబడి నేల మీద చేత్తో తట్టింది. "కూకో. నానూ కూకుంతాను, సూడు."

పౌలా వెనక్కి వెళ్లి కూర్చుంది.

మళ్లీ వాన అందుకుంది. బండ చుట్టూ నీళ్లు పెరుగుతున్నాయి. మంగ్లును పిలుచుకురావాలని కనక లేచిందో లేదో అవతల పౌలా కూడా లేచి నీళ్ల వైపు నడిచింది. కనక మళ్లీ కూర్చుంటేనే ఆమె కూర్చుంది. ఇంక కనక లేవలేదు. జలగలు పట్టినా లేవలేదు. కొండదేవతకు మొక్కుకుంది. ఒక దుంగ దొర్లుకుంటూ వచ్చి పౌలా కూర్చున్న బండకు కొట్టుకుని పోయింది. ఊరికే ఉంటే ఏడుపొచ్చేలా ఉండి, కనక మాట్లాడడం మొదలుపెట్టింది. రొయ్యల షెడ్డు గురించి, గేటు గురించి, పూలమ్మిన ముసలామె గురించి ఆ హోరులోకే చెప్పుకుంటూ పోయింది. అవతలి పిల్లకు వినపడదు, వినపడినా అర్థం కాదు. అయినా పెదవులు కదులుతున్నంతసేపూ ఆమె ఇటే చూస్తూ ఉంది.

పొద్దు వాలాక వాన వెలిసింది. కనకను వెతుక్కుంటూ మంగ్లు, పక్కింటతను సోంబరు ఒక మోకు పట్టుకుని వచ్చారు. నీళ్లు నడుం లోతుకు తగ్గేదాకా ఆగి, మోకు ఒక కొస చెట్టుకు కట్టి, సోంబరు అవతలికి వెళ్లి పౌలాను తెచ్చాడు. ఒడ్డెక్కగానే ఆమె కనకను పట్టుకుని వదల్లేదు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

పొయ్యి దగ్గర కూర్చోబెట్టి వేడి అంబలి తాగించారు. పౌలా మాటలు ఫోను చెప్పింది: "కొండ పైకి ఎక్కితే ఏ దారి సరైనదో తెలుస్తుందనుకున్నాను. ఏమీ తెలియలేదు. అక్కడ కూర్చున్నప్పుడు మా అమ్మ చేసిన ఫోను నేను ఎత్తి ఉండాల్సిందని మాత్రం అనిపించింది. అక్కా, అంతసేపు మీరు నాతో ఏమి మాట్లాడారు?"

"నానూ ఓపాలి తప్పిపోనాను. అదే సెప్పినాను."

ఫోనుకు అర్థం కాలేదు. కనక గొంతు సవరించుకుని, బడి పాఠం అప్పజెప్పినట్టు ఒక్కో మాటే పలికింది: "నేను కూడా. ఒకసారి. భయపడ్డాను."

ఈసారి అది సరిగ్గా చెప్పింది. పౌలా అక్కడే కూర్చుని తల్లికి ఫోను చేసింది. అటు నుంచి ఒక ఆడగొంతు గలగలా మాట్లాడుతూ మధ్యలో ఏడ్చేసింది. కనకకు ఒక్క ముక్క తెలీకపోయినా పైటతో కళ్లొత్తుకుంది.

పౌలా ఇంటికే వెళ్లిపోవాలనుకుంది. "బస్సెక్కించీ, ఎల్లిపోద్ది," అన్నాడు మంగ్లు. కనక వినలేదు. విశాఖదాకా తనే వెంట వెళ్లింది. ఘాట్ రోడ్డు మలుపు మలుపుకీ ముందుసీటు కమ్మీ గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఎయిర్‌పోర్టులో తనను లోపలికి రానివ్వలేదు. పౌలా వంగి ఆమె భుజం మీద తల ఆనించి, "ఎల్లొత్తాను, అక్కా," అంది, అచ్చం కనకలాగే.

చేరానన్న కబురు వచ్చేదాకా కనక ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడోనాడు ఫోనులో ఫొటో వచ్చింది. పౌలా, పక్కన నెరిసిన జుట్టామె, ఇద్దరి ముందూ అన్నం కంచాలు.

"ఇంక నీ బయం తీరినాదా?" అన్నాడు మంగ్లు.

"ఏటో మరి," అంది కనక. ఫొటోలో పౌలా కంచం ఖాళీగా ఉందో లేదో దగ్గరికి జరిపి చూసింది.