గెడ్డగట్టు దారి

2023 ఫిబ్రవరి. నర్సీపట్నంలో నేను సర్వేయర్‌గా చేరి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. గొలుగొండ వైపు కొన్ని ఊళ్ళ మధ్య ఉన్న కాలిబాటలన్నీ చూసి, వాటిని కలుపుతూ ఒక ప్లాన్ గీయమన్నారు. అందులో చేరిన బాటకు గ్రావెల్ పడుతుంది, దాన్ని ఎవరూ తమ పొలంలో కలుపుకోవడానికి వీల్లేదు. చేరనిది ఎవరికీ పట్టదు. గడువు మూడు వారాలు. నాకు అసలే కుదురు తక్కువ. కాఫీ చల్లారేదాకా కూడా ఆగలేని మనిషిని.

చేతిలో ఎఫ్ఎంబీ, అంటే పొలాల కొలతలు గీసిన పాత పటం, దానితోపాటు కొత్త డ్రోన్ ఫొటోలు. ఒక ఊరి దగ్గర ఫొటోలో చెరకు కొట్టేసిన పొలాల మీదుగా తెల్లటి దారి ఐమూలగా కనిపించింది. వెళ్ళి చూస్తే నిజంగానే జనం నడుస్తున్నారు. పాత పటంలోని గెడ్డగట్టు దారి మాత్రం తుప్పలు పట్టి ఉంది. గెడ్డ అంటే మా వైపు చిన్న వాగు. పదడుగులు వేశానో లేదో చొక్కా ముళ్ళకు పట్టుకుంది. వెనక్కి తిరిగాను. "వాడకంలో లేదు" అని రాసి సంతకం పెట్టాను.

ఆగస్టులో ఒకావిడ ఆఫీసుకొచ్చింది. ఖాళీ చేపల తట్ట గుమ్మం పక్కన పెట్టి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. పేరు నూకాలమ్మ. సముద్రం ఒడ్డు నుంచి చేపలు తెచ్చి, ఆటో దిగి, ఆ ఊళ్ళన్నీ నడిచి అమ్ముతుంది.

"గెడ్డగట్టు దారి లేదని రాసింది మీరేనా బాబూ?"

"అక్కడెవరూ నడవట్లేదమ్మా. పొలాల్లోంచి దారి ఉంది కదా?"

"అది ఎండాకాలం దారి. సెరుకు కొట్టేసినాక ఎవలి పొలమైనా అందరికీ దారే. ఇప్పుడు ఊడ్పులైపోనాయి. తట్ట నెత్తినెట్టుకుని వరి మడిలో ఎలా దిగుతాను? వానాకాలం గట్టొక్కటే దారి. రోడ్డంట తిరిగెల్లేసరికి సేపలు మెత్తబడిపోతన్నాయి. బేగి ఏదోటి సెయ్యండి."

సిగ్గుతో చచ్చిపోయాను. చిన్నప్పుడు కోతలయ్యాక పొలాలకు అడ్డంపడి బడికెళ్ళినవాణ్ణే నేనూ.

ఆ పూటే బండి తీశాను. గట్టు లేదు. పక్క రైతు సన్యాసిరావు గారు దాన్ని చదును చేసి పొలంలో కలుపుకున్నారు. చెరకు నా భుజాల దాకా ఎదిగింది.

"మీరు రాసేరనే కదండీ కలుపుకున్నాను. ఇప్పుడు పీకెయ్యమంటే ఎలాగండీ? పంట కొట్టేసినాక వదిలేత్తాను," అన్నారు.

ఆయన్ని తప్పుపట్టడానికేమీ లేదు. గ్రామసభలో లేచి, తప్పు నాదేనని చెప్పి, ప్లాన్ సవరించాను. వెనక నుంచి నూకాలమ్మ అడిగింది: "మరి అందాకా నానెలా ఎల్లాలి?" నేను కాగితాలు సర్దుకున్నాను.

సన్యాసిరావు గారు మాట నిలబెట్టుకున్నారు. గట్టు వేశారు, గ్రావెల్ కూడా పడింది. మరుసటి వానల్లో ఆ దారి చూద్దామని వెళ్తే, నూకాలమ్మ రావడం మానేసిందని ఊళ్ళో ఆడవాళ్ళు చెప్పారు. రోడ్డంట తిరిగి తిరిగి మోకాళ్ళు పోయాయట. కోటవురట్లలో రోడ్డు పక్కన కూర్చుని అమ్ముకుంటోందట. వెతుక్కుంటూ వెళ్ళాను. దారి పడిందని చెప్పాను.

"మంచిదే బాబూ," అంది చేపలు తిరగేస్తూ. "ఎవలో ఒకలు నడుత్తారు."

తిట్టినా బాగుండేది. ఇప్పుడు ప్రతి బాటా రెండుసార్లు నడుస్తాను, ఎండల్లో ఒకసారి, ఊడ్పులయ్యాక ఒకసారి. నెత్తిన బరువుతో తిరిగేవాళ్ళను అడిగాకే కలం తీస్తాను. నేను రెండు నిమిషాల్లో పెట్టిన సంతకానికి ఆవిడ ఆ వానాకాలమంతా రోడ్డంట నడిచింది.